ఆఱవ ఈతి: ఉక్రేన్ కఱవు నవలలు, భిలాయి పాఠకుడు

పంటను నాశముచేయు ఉపద్రవములకు ఈతిబాధలని పేరు. అవి ఆఱని పెద్దలు లెక్కించిరి. అతివృష్టి, అనావృష్టి, మిడుతలు, ఎలుకలు, చిలుకలు అను ఈ యైదింటిలో కొన్ని ఆకసమునుండి వచ్చును, కొన్ని నేలనుండి వచ్చును. ఆఱవది మాత్రము మనుష్యులనుండి వచ్చును: అది మిక్కిలి చేరువనున్న రాజులు. దండెత్తివచ్చి పొలములు త్రొక్కించు పరరాజులను ఉద్దేశించి ఈ మాట పుట్టినదని చెప్పుట వాడుక. ఐనను ఆ మాటలో శత్రుత్వము లేదు, చేరువ మాత్రమే యున్నది. రైతునకు తన రాజుకంటె చేరువనున్న రాజెవడు? మిడుతను, ఎలుకను, రాజును ఒక్క వరుసలో నిలిపిన ఆ లెక్క కఱవును గూర్చి వ్రాయబడిన ఏ నవలకైనను నేటికిని గీటురాయిగా పనికివచ్చును. ఆఱవ ఈతిని ఆ నవల చూచినదా, చూడలేదా, చూచియు మొగము త్రిప్పుకొన్నదా అనునదే దానికి మొదటి పరీక్ష.

1932-33లో ఉక్రేన్ గ్రామసీమలను మ్రింగిన కఱవు ఈ ఆఱవ ఈతికి ఇరువదవ శతాబ్దపు ఉదాహరణము. ఆ ఏడు పంట తగ్గిన మాట నిజము. భూములను, పశువులను బలవంతముగా సమష్టి క్షేత్రములలో కలుపుటచేత సేద్యము చెడినది. పశువులను అప్పగించుటకంటె కోసికొని తినుటయే మేలని అనేకులు తలచిరి. గాని తగ్గిన ఆ పంటనుండియే సోవియట్ ప్రభుత్వము తాను విధించిన కొలత ధాన్యమును రాబట్ట బూనెను. 1932 ఆగష్టు 7వ తేదీ శాసనము సమష్టి పొలములో వెన్నులు ఏరుకొన్నవానికి సహితము మరణశిక్షనో పదేండ్ల చెఱనో విధించుటకు వీలు కల్పించెను. కొలత చెల్లింపలేని గ్రామములు నల్లపట్టికల కెక్కెను. అట్టి గ్రామమునకు దుకాణపు సరకులు రావు. 1933 జనవరి 22వ తేదీ ఉత్తరువు తిండి వెదకికొనుచు పొలిమేర దాటబోవు రైతులకు దారులు మూసెను. అదే కాలమున ఏటికి 15 లక్షల టన్నులకు మించిన ధాన్యము విదేశములకు ఓడలెక్కినది. ఉక్రేన్‌లో మరణించినవారు 35 లక్షలకును 40 లక్షలకును నడుమ ఉందురని జనసంఖ్యా శాస్త్రజ్ఞుల అంచనా. కజక్ భూములలోను, కుబాన్, వోల్గా ప్రాంతములలోను చనిపోయినవారు వేఱు. దీనిని జాతిసంహారమని 2006లో ఉక్రేన్ పార్లమెంటు ప్రకటించెను. ఆ పేరును గూర్చి చరిత్రకారులలో వాదము కలదు. పాలకుల చేతలు లేనిచో ఇంతటి మరణము సంభవించి యుండదనుటలో మాత్రము వాదము స్వల్పము.

ఈ కఱవు కథలను పరామర్శించుటకు తెలుగు పాఠకునకు తగిన చోటు భిలాయి ఉక్కునగరము. 1955 ఫిబ్రవరి 2వ తేదీన భారత సోవియట్ ప్రభుత్వములు చేసికొన్న ఒడంబడిక ఫలితముగా, వరికి పేరుపడిన ఛత్తీస్‌గఢ్ సీమలో, దుర్గు జిల్లా పొలముల నడుమ ఆ కర్మాగారము లేచినది. 1959 ఫిబ్రవరి 4వ తేదీన రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ దాని మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించెను. నాడది మధ్యప్రదేశము, 2000 నవంబరు 1వ తేదీనుండి ఛత్తీస్‌గఢ్ రాష్ట్రము. పనికై అచ్చటికి తరలివచ్చిన తెలుగు కుటుంబములు పెక్కు అచ్చటనే స్థిరపడినవి. గోర్కీ 'అమ్మ'ను క్రొవ్విడి లింగరాజు తెలుగు చేసిన నాటినుండి రష్యను పుస్తకము తెలుగు ఇండ్లలో చుట్టమువలె మెలగినది. తరువాతి దశాబ్దములలో మాస్కోలోనే తెలుగు పుస్తకములు అచ్చయ్యెను. ఉప్పల లక్ష్మణరావు వంటివారు అచ్చటికేగి అనువాదములు చేసిరి. తక్కిన తెలుగువారికి ఆ దేశము పుస్తకముగా మాత్రమే తెలియును. భిలాయి తెలుగువానికి అది ప్రక్కన నిలిచి పనిచేసిన మనిషిగా కూడ తెలియును. ఊరిలోని తోటకు 'మైత్రీ బాగ్' అని పేరుండుట వట్టి మర్యాద కాదు.

ఐతే ఆ మనిషి తెచ్చిన విద్యకు ఒక పూర్వకథ కలదు. 1957 నుండి 1959 వఱకు భిలాయి నిర్మాణమున సోవియట్ పక్షపు ప్రధాన ఇంజనీరుగా నుండిన వెనియమీన్ దీమ్‌షిత్స్, అంతకు ముందు మాగ్నితొగోర్స్క్ వంటి మహానిర్మాణములలో ఆరితేరినవాడు; యుద్ధానంతరము ఉక్రేన్‌లోని జపోరీజియా ఉక్కు కర్మాగారమును తిరిగి నిలబెట్టినవాడు. మాగ్నితొగోర్స్క్ మొదటి ఫర్నేసు వెలిగినది 1932 ఆరంభమున. జపోరీజియా మొదటి ఇనుము పోసినది 1933 నవంబరున. కఱవు ఏండ్లును, ఫర్నేసులు వెలిగిన ఏండ్లును ఒక్కటే. నాటి సోవియట్ దేశము విదేశములనుండి యంత్రములు కొనెను. ఆ యంత్రముల వెలలో కొంత ధాన్యపు ఎగుమతులతో చెల్లించెను. ఇందు ఇంజనీరుల దోషమేమియు లేదు, భిలాయి కార్మికుని దోషము అంతకన్న లేదు. ఉక్కు చేయు విద్య ఎవరి గింజలతో నేర్వబడినదో తెలిసికొనుట మాత్రము ఆ విద్యను పొందినవారి విధి. ఆ తెలివి చరిత్ర గ్రంథములకంటె ముందు సాహిత్యమునందు దొరకవలసినది. దొరకినదా?

ఉత్తరము చెప్పుటకు ముందు మాటలను పరిశీలింపవలెను. కఱవును పిలుచు తీరులోనే ఒక్కొక్క ప్రజ తన తీర్పును చెప్పుకొన్నది. ఛత్తీస్‌గఢీ పల్లెలలో కఱవును 'దుకాల్' అందురు. అనగా చెడుకాలము, దోషము కాలమునది. తెలుగువారు కఱవులకు సంవత్సరముల పేరు పెట్టిరి. 1832-33లో గుంటూరు సీమలో సుమారు మూడవవంతు జనమును పొట్టపెట్టుకొన్నది నందన కఱవు; 1876లో మొదలై రాయలసీమను ఎండగట్టినది ధాత కఱవు. ఇచ్చట దోషము పంచాంగమునది. 'దుర్భిక్ష'మను సంస్కృతపదము భిక్ష దొరకని స్థితిని చెప్పును. పెట్టువానికి చేతిలో లేదని దాని భావము. ఉక్రేన్ ప్రజలు వాడు 'హొలొదొమోర్' అను మాట వీనికి భిన్నము. అందు 'హొలొద్' అనగా ఆకలి. 'మోర్' అనునది సామూహిక మరణమును చెప్పును, చంపుట అను క్రియకు చుట్టము. తెలుగున దానికి సరియైన మాట నిఘంటువులో వెదకనక్కఱ లేదు, ఇల్లాండ్ర నోటనే యున్నది: కడుపు మాడుట వేఱు, కడుపు మాడ్చుట వేఱు. మొదటిది అకర్మకము, రెండవది సకర్మకము. సకర్మక క్రియకు కర్త యుండక తప్పదు. నందన, ధాత యను పేర్లలో ఆ కర్త కనబడడు. ధాత కఱవున ప్రభుత్వపు కూలిపనులలో రోజుకు ఒక పౌను ధాన్యపు కూలి చాలునని నిర్ణయించిన సర్ రిచర్డ్ టెంపుల్ పేరు గాని, ఎగుమతులు ఆపనొల్లని లిట్టన్ పేరు గాని ఆ కఱవునకు అంటలేదు. కఱవు నవల చేయవలసిన పని ఈ కర్తను వాక్యములోనికి తెచ్చుట.

ఈ గీటురాయిపై మొదట గీయదగినది భిలాయి పాఠకునకు చిరపరిచితుడైన మిహయీల్ షోలొహోవ్. ఆయన 'దున్నిన బీడు' నవల మొదటి భాగము 1932లో వచ్చినది. సమష్టి సేద్యమును స్థాపించుటకై కార్మికుడు దవీదొవ్ దోను తీరమునందలి కొసాక్కు పల్లెకు వచ్చుట దాని కథ. దోను సీమ ఉక్రేన్ కాకున్నను కఱవు పోయిన దారిలోనిదే. షోలొహోవ్ గొప్ప కళాకారుడు; పిల్లలు గల యింటిని వీధిపాలు చేయవలసి వచ్చినపుడు రజ్మ్యోత్నొవ్ ఇంక ఈ పని తనవల్ల కాదని తెగేసి చెప్పు ఘట్టమే చాలును సాక్ష్యము. ఆ ఘట్టమున పాఠకుడు ఆఱవ ఈతి నీడను చూచును. గాని నవల ఆ నీడనుండి తొలగిపోయి, సందేహించినవానిని మెత్తనివానిగా నిలిపి, ముందుకు సాగును.

షోలొహోవ్‌కు తెలియక పోలేదు. 1933 ఏప్రిల్ నెలలో ఆయన స్టాలిన్‌కు దీర్ఘమైన లేఖ వ్రాసెను. ధాన్యము రాబట్టుటకై తన జిల్లా రైతులను చలిలో నిలిపి, కొట్టి, హింసించిన విధమును ఒక్కొక్కటిగా విన్నవించెను. స్టాలిన్ ఆ జిల్లాకు ధాన్యము పంపించెను. ప్రత్యుత్తరమున మాత్రము ఆ రైతులే ప్రభుత్వముపై చప్పుడులేని యుద్ధము సాగించుచున్నారని నిందించెను. ఆ లేఖ వ్రాయుటకు గుండె కావలెను. దానివలన ప్రాణములు నిలిచినవి. ఐతే లేఖలోని సత్యము నవలలోనికి రాలేదు. రెండవ భాగము 1960 నాటికి ముగిసెను. మొదటి భాగమునకును దీనికిని నడుమ మూడు దశాబ్దములు గడచెను, స్టాలిన్ కాలము చేసెను. ఐనను కథాకాలము 1930వ సంవత్సరమును దాటలేదు. నవలలోని గడియారము కఱవు గుమ్మమున ఆగిపోయినది. రాజులకు కృతులీయనొల్లని పోతన హాలికుడనుట తెలుగువారి సంప్రదాయము. ఆ మాటలోని నీతి షోలొహోవ్ యెడల మఱొక రీతిగా నిజమైనది. రాజునకు చేరువైన రచయిత రాజుతో రహస్యముగా మొఱపెట్టుకొనగలడు, ప్రజలకు చెప్పలేడు. చేరువనున్న రాజు పంటకే కాదు, వాక్కునకును ఈతిబాధ.

చెప్పగలిగినవారు రాజునకు దూరమున నుండినవారు. ఉలాస్ సమ్‌చుక్ 'మరీయ' నవలను 1934లో, నాడు పోలండు ఏలుబడిలోనుండిన ల్వీవ్ నగరమున ప్రచురించెను. 1932-33 కఱవున ఆకలిచే మరణించిన తల్లులకు దానిని అంకితము చేసెను. ఒక పల్లెపడుచు పుట్టినది మొదలు పోవునంతవఱకు నడుచు కథ యది. రచయిత కఱవు ప్రాంతమున లేడు. కావున చివరి ప్రకరణములలో కంటితో చూచిన వివరముకంటె ఆవేదన పాలు హెచ్చు. అది లోపమే. ఐనను ఒక మేలు కలదు. పుస్తకమునందలి పెక్కు పుటలు కోతలతో, పెండ్లిండ్లతో, పురుళ్లతో నిండియుండుటచే, చివర పోయినది ఒక అంకె కాదు, ఒక సంసారమని పాఠకుడు గ్రహించును. కఱవును మాత్రమే వర్ణించు పుస్తకములలో చచ్చువారు మొదటినుండియు ఎముకల గూళ్లుగానే కనబడుదురు. మరీయ అట్లు కాదు, ఆమె పుట్టిన దినమును పాఠకుడు ఎఱుగును.

వసిల్ బర్కా 'పచ్చని రాకుమారుడు' 1960ల ఆరంభమున ప్రవాసమున వెలువడినది. బర్కా కుబాన్ ప్రాంతమున కఱవు వాత పడి, ఒడలు వాచి, బ్రదికి బయటపడినవాడు. అందువలన సమ్‌చుక్ వద్ద కొఱవడిన వివరము ఇచ్చట నిండుగా కలదు: ధాన్యము వెదకువారు నేలను పొడుచు ఇనుపచువ్వలు, ఇంటింటి సోదాలు, తినుటకు పనికివచ్చినవియు రానివియునైన ఆకులు. కత్రాన్నిక్ కుటుంబములో ఒక్కరొక్కరే రాలిపోగా చివరకు పిల్లవాడొకడు మిగులును. ఊరి చర్చినుండి తెచ్చి భూమిలో దాచిన పవిత్రపాత్ర జాడను చెప్పినచో పిండి దొరకును, చెప్పక చత్తురు. ఈ కల్పనలో ప్రతీక బరువు కొంత హెచ్చైనదని, పీడకులను దయ్యపు మూకగా దిద్దుటలో మానుషత్వము తఱిగినదని చెప్పక తప్పదు. కర్త వాక్యములోనికి వచ్చినాడు. గాని మనిషిగా రాలేదు, దయ్యముగా వచ్చినాడు. దయ్యము చేసిన పనిని చదివి పాఠకుడు భయపడును. తనను తాను ప్రశ్నించుకొనడు.

ఆ ప్రశ్నను లేవనెత్తినది వసీలి గ్రోస్‌మన్. ఉక్రేన్‌లోని బెర్దీచివ్‌లో పుట్టి, దొన్‌బాస్ గనులలో ఇంజనీరుగా పనిచేసి రచయితయైన ఈయన, భిలాయి ఒడంబడిక జరిగిన 1955లోనే 'అంతయు ప్రవహించును' అను చిన్న నవలను ఆరంభించెను. 1961లో ఆయన పెద్ద నవల 'జీవితము, విధి' వ్రాతప్రతులను రహస్య పోలీసులు పట్టుకొనిపోయినను ఈ చిన్నదానిని విడువక దిద్దుచునే యుండెను. 1964లో కన్నుమూసెను. పుస్తకము 1970లో జర్మనీలోను, 1989లో మాత్రమే స్వదేశమునను అచ్చుపడినది.

అందు కఱవు కథను చెప్పునది బాధితురాలు కాదు. శ్రమశిబిరములలో దాదాపు మూడు దశాబ్దములు గడపి తిరిగివచ్చిన ఇవాన్ గ్రిగోర్యెవిచ్‌కు తన యింట చోటిచ్చిన అన్నా సెర్గేయెవ్నా ఒకనాటి రాత్రి తన గతమును విప్పి చెప్పును. ఆమె నాడు ధాన్యము లాగికొన్నవారి పక్షమున పనిచేసినది. రైతులను మనుష్యులు కారని మొదట మాటలలో అనుకొనుట, పిమ్మట అట్లే చూచుట, ఆపై వారి పిల్లల ఏడుపు చెవికెక్కకపోవుట - ఈ మెట్లను ఆమె ఒక్కొక్కటిగా దిగివచ్చును. తనను క్షమింపుమని అడుగదు; తాను చేసినదానిని తాను వినుచు చెప్పును. వెంటనే వచ్చు మఱొక ప్రకరణములో వసీలి, హన్నా, వారి చిన్నకుమారుడు గ్రీషా అను ముగ్గురి సంసారము నెమ్మదిగా ఆఱిపోవును. అందు నిందావాక్యము లేదు, గొంతు పెంచుట లేదు. నవలయందంతట కళ ఇట్లే సమముగా లేదు. చివరి భాగమున కథ ఆగి రష్యా చరిత్రపై వ్యాసము మొదలగును. ఐనను కఱవు ప్రకరణములు కర్తను మనిషిగా పట్టి చూపినవి. ఆఱవ ఈతి సింహాసనముపై మాత్రమే కూర్చుండదు; చువ్వ పట్టుకొని ఇంటింటికి పోవు సామాన్యుని చేతిలో కూడ ఉండును. బర్కా చూపని ఈ సత్యమువలననే గ్రోస్‌మన్ పుస్తకము ఉక్రేన్ సరిహద్దు దాటి ఏ దేశపు పాఠకునినైనను నిలదీయగలదు.

భారతీయ పాఠకునకు ఇచ్చట ఒక పోలిక తోచుట సహజము. 1943లో బెంగాలున సుమారు 30 లక్షల మంది చనిపోయిరి. అదియు కర్త గల కఱవే. జపానువారికి చిక్కరాదని పడవలను, బియ్యపు నిల్వలను తొలగించిన విధానము దాని కారణములలో నొకటి. నాటి ప్రభుత్వము చిత్తప్రసాద్ కఱవు చిత్రముల పుస్తకమును పట్టి కాల్పించెను. ఐనను ఆ ఆగష్టులోనే 'స్టేట్స్‌మన్' పత్రిక వీధులలోని శవముల ఛాయాచిత్రములను అచ్చువేసెను. మఱుసటి యేటనే విజన్ భట్టాచార్య 'నవాన్న' నాటకము రంగమెక్కినది. ఉక్రేన్ కఱవు కథ స్వదేశమున బహిరంగమగుటకు అర్ధశతాబ్దికి మించి పట్టినది. 1937 జనాభా లెక్కలలో తఱుగుదల తేలగా ఆ లెక్కలనే అణచి, వేసినవారిని చెఱపట్టిరి. పరపాలకుడు మేలని ఈ పోలికకు అర్థము కాదు. కడుపు మాడ్చినవాడు నోటిని కూడ పూర్తిగా మూయగలిగినచో కఱవు ఎంత దూరము పోవునో ఇది చెప్పుచున్నది. స్వేచ్ఛగల పత్రికలు, ఎన్నికలు ఉన్నచోట మహాక్షామము రాదని అమర్త్యసేన్ నిరూపింపజూచినది దీనినే. ఆ దేశములలో నిత్యము అరకడుపుతో నుండువారు మాత్రము కంటబడకపోవచ్చునని కూడ ఆయనయే హెచ్చరించెను.

ఇట్లు వ్రాయుట కృతఘ్నత యని భిలాయిలో పాతతరమువారెవరైన నొచ్చుకొనవచ్చును. అడిగినపుడు చేయూతనిచ్చిన దేశపు పాత గాయమును కెలకుట ఏల యని వారి బాధ. ఆ బాధ గౌరవింపదగినదే. గాని భిలాయికి మేలుచేసినది ప్రభుత్వముతోపాటు మనుష్యులు. వారిలో ఉక్రేన్ మట్టినుండి వచ్చినవారును కలరు. 1980ల చివరివఱకు తమ దేశమున ఈ కఱవును గూర్చి నలుగురిలో నోరు విప్పుటకు వారికి వీలు లేకుండెను. వారికి చెల్లింపవలసిన ఋణము మౌనముతో తీరదు. వారు చెప్పుకొనలేకపోయినదానిని చదువుటయే ఆ ఋణమునకు తగిన చెల్లింపు. 'అమ్మ'ను, 'దున్నిన బీడు'ను అరనుండి తీసివేయ నక్కఱలేదు. వాని ప్రక్కన మరీయకు, కత్రాన్నిక్ కుటుంబమునకు, అన్నా సెర్గేయెవ్నాకు చోటీయవలెను. షోలొహోవ్ నవల ఏయెడ ఆగినదో తెలియుటకు కూడ ఆ మూడు పుస్తకములు కావలెను.

భిలాయి కర్మాగారమునకై వరిపొలములు విడిచినవారు ఛత్తీస్‌గఢ్ రైతులు. వారికి కలిగిన నష్టమును ఉక్రేన్ కఱవుతో సరితూచుట తగదు. అచ్చట ఎవరి గాదెలోని గింజలను ఎవరును బలిమిని ఊడ్చుకొనిపోలేదు. ఐనను ఆ పొలములను గూర్చి వ్రాయబోవు తెలుగు రచయితకు ఈ నవలలు నేర్పునది ఒకటి కలదు. పొలము పోయెను, ఊరు లేచిపోయెను, కాలము మాఱెను అని అకర్మక క్రియలతో కథను ముగించుట సులభము. ఎవరు తీసికొనిరి, ఎవరు సంతకము చేసిరి, ఎవరు చూచుచు ఊరకుండిరి అని అడుగుట కష్టము. పెద్దలు రాజును మిడుతల సరసను నిలిపినపుడు చేసినది ఈ కష్టమైన పనియే.